ఇంకా ఉందిరా

ట్యూబు ఎప్పుడు జారిందో నేను చూడలేదు. నా చెవి రేడియో దగ్గరుంది.

1990 అక్టోబరు. దసరా వెళ్లింది, దీపావళి ఇంకా రాలేదు. ఆ రాత్రి మా మావయ్య లాంచీకి దేవీపట్నం రేవులో మకాం. పైన డెక్కు మీద రెండొందల లీటర్ల డీజిలు పీపా, కింద ఇంజను పక్కన ట్యాంకు, రెంటికీ మధ్య ఒక రబ్బరు ట్యూబు. నోటితో ఒక్క గుక్క పీల్చాలి. డీజిలు నాలిక్కి తగలగానే ఉమ్మేసి, ట్యూబు కొసని ట్యాంకు మూతిలో దూర్చి, నిండేదాకా చేత్తో పట్టుకుని కూర్చోవాలి. అంతే నా పని. నాకప్పుడు పందొమ్మిదేళ్లు. ఇంటర్ తప్పి, ఇంట్లో తిట్లు పడలేక మావయ్య దగ్గర కళాసీగా చేరాను.

ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వెళ్లింది. మా చిన్నమ్మ అక్కడ ఒకరింట్లో వంటపని చేసేది. రెండు నెలలుగా ఉత్తరం లేదు. అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిరిండియా విమానాలు మనవాళ్లని తెస్తున్నాయని రేడియోలో రోజూ చెప్పేవారు. పేర్లు చదవరురా అని ఎందరు చెప్పినా నేను వినేవాణ్ణి. ఎప్పుడో ఒకరోజు చదువుతారేమో, ఆ రోజు నేను వినకపోతే ఎలాగని భయం. ఆ సాయంత్రం కొండల మధ్య స్టేషన్ సరిగ్గా అందలేదు. రెండు చేతుల్తో రేడియో ఎత్తి అటూ ఇటూ తిప్పాను. ట్యూబుని పట్టుకోవాల్సిన చెయ్యి కూడా అందులోదే.

అసలు పీపా బోటు మీదికి ఎందుకొచ్చిందో చెప్పాలి. మామూలుగా మేం రాజమండ్రిలోనే ట్యాంకు నింపుకుని బయల్దేరేవాళ్లం. ఆ సెప్టెంబరు నుంచి డీజిలు కటకట మొదలైంది. ధర పెరుగుతుందని అందరూ అనుకుంటున్నారు, అక్టోబరులో గల్ఫ్ సర్‌చార్జీ అని పెంచారు కూడా. మావయ్య తెలిసిన లారీ యజమానిని బతిమాలి ఒక పీపా సంపాదించాడు. బంగారంలా దాన్ని డెక్కు మీద తాళ్లతో కట్టించాడు. కార్తీకమాసం దగ్గరికొచ్చింది. పట్టిసం వెళ్లే భక్తులతో ఏడాది మొత్తంలో లాంచీకి నాలుగు డబ్బులు మిగిలే నెల అది.

వార్తలయ్యాక తిరిగి చూస్తే ట్యూబు పాములా నేల మీద పడి ఉంది. కొస నుంచి సన్నటి ధార, చప్పుడు లేకుండా, పలకల సందుల్లోంచి కిందికి పోతోంది. పీపాలో పుల్ల పెట్టి కొలిచి, నలభై లీటర్లకు తక్కువ కాదని తర్వాత సరంగు తేల్చాడు. అంతకన్నా ఎక్కువేనని నాకు ఇప్పటికీ అనుమానం.

నేనెవరికీ చెప్పలేదు. అదే నా అసలు తప్పు, ఒలికించడం కాదు. సరంగు తాత ఒడ్డున నిద్రపోతున్నాడు. మావయ్య రాజమండ్రిలో ఉన్నాడు. అడుగు పలక ఒకటి లేపి, టార్చి వేసి చూశాను. కొయ్య పడవ అన్నాక అడుక్కి ఎప్పుడూ కాస్త నీరు ఊరుతుంది. ఆ నల్లటి నీటి మీద డీజిలు తేలి అద్దంలా మెరుస్తోంది. వాసన మొహాన కొట్టింది. కిరసనాయిలు వాసన పల్చగా వచ్చి పల్చగా పోతుంది. డీజిలు అలా కాదు. గొంతులో జిడ్డులా కూర్చుంటుంది. తెల్లారేలోగా దీన్ని మాయం చెయ్యాలనుకున్నాను.

బోటులో ఉన్న ఫినాయిలు సీసా మొత్తం పోశాను. సబ్బు పొడి పొట్లాలు చింపి చల్లాను. చీపురుతో కలియబెట్టాను. తెలతెలవారుతుంటే చేతిపంపు వేసి, ఆ నీళ్లన్నీ గోదారిలోకి కొట్టడం మొదలుపెట్టాను. చేతులు నొప్పి పుట్టేదాకా కొట్టాను. వరదల ఎరుపు దిగి, నది తేటపడుతున్న రోజులవి. ఆ తేట నీటి మీద నీలం, ఊదా, పసుపు రంగులు విచ్చుకుంటూ రేవు మెట్ల వైపు సాగాయి. అందంగా కనిపించాయి కూడా. అది చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మెట్ల మీద ఒకావిడ బిందె ముంచుతోంది. నడివయసు మనిషి, ముక్కుకి పెద్ద అడ్డబాస. సగం నిండిన బిందె ఎత్తి వాసన చూసింది. నా వైపు చూసింది. గట్టిగా ఏమీ అనలేదు.

"బాబూ, మేం తాగేది ఈ నీళ్లే" అంది.

బిందెలో నీళ్లు మెట్ల మీద గుమ్మరించి, అడుగున ఇసక వేసి రెండుసార్లు తోమి, లాంచీకి ఎగువన చాలా దూరం నడిచి వెళ్లింది. ఆమె వెనకే మరో ఇద్దరు ఆడవాళ్లు వెళ్లారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి. నేను పంపు ఆపాను. అప్పటికి లోపలున్నదంతా నదిలోకి పోయిందనే అనుకున్నాను.

సబ్బు డీజిలుని చంపదని నాకు అప్పటికి తెలీదు. దాన్ని కంటికి కనపడనంత చిన్న బొట్లుగా విడగొట్టి నీళ్లలో కలుపుతుంది. పైన తేలుతూ ఉంటే ఒడిసిపట్టి తీసే వీలుంటుంది. కలిసిపోయాక ఇక ఏ వీలూ ఉండదు, చేపలూ మనుషులూ తాగాల్సిందే. రంగులు పోయాయి కదా, నీళ్లు శుభ్రమయ్యాయి కదా అనుకున్నాను. అది నా కళ్లు నాకు చెప్పిన అబద్ధం.

ఆ ఉదయం ఎక్కిన ప్రయాణికులు ఎవరెవరో గుర్తు లేదు. ఒక్కామె మాత్రం గుర్తుంది. కొండమొదలు వైపు నుంచి వచ్చిన కొండరెడ్ల మనిషి. రెండు గంపల సీతాఫలాలు ఆకులు కప్పి తెచ్చింది. రాజమండ్రి బజారులో అమ్మాలి. ఇంజను వెనక, నీడగా ఉందని, పలకల మీద గంపలు పెట్టించింది నేనే. ధవళేశ్వరం బ్యారేజీ వెనక నిలిచిన నీళ్ల మీద లాంచీ మెల్లగా పోయింది. ఇంజను వేడెక్కినకొద్దీ కింద మిగిలిన డీజిలు వాసన పైకి లేచింది. ఒక పిల్లాడు వాంతి చేసుకున్నాడు. అందరూ ముందు వైపుకి జరిగారు. గంపలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

మర్నాడు ఆమె రేవులో కూర్చుని ఉంది. గంపలు దాదాపు నిండుగానే ఉన్నాయి. ఒక కాయ చీల్చి నా చేతిలో పెట్టింది. గుజ్జు తెల్లగా, గింజ నల్లగా, చూడ్డానికి ఏ లోపమూ లేదు. నోట్లో పెట్టుకుంటే డీజిలు. తీపి వెనక నుంచి వచ్చే డీజిలు. కొన్నవాళ్లు తెచ్చి మొహాన కొట్టారంది. మావయ్య ఆమెకి డబ్బిచ్చాడనే గుర్తు. ఎంత ఇచ్చాడో, అది ఆమె నష్టానికి సరిపోయిందో లేదో గుర్తు లేదు. నేనేమీ ఇవ్వలేదు. ఆ రోజు నా జేబులో డబ్బులున్నాయన్నది మాత్రం బాగా గుర్తు.

అప్పటికి మావయ్యకి విషయం తెలిసిపోయింది. ఆయన కొట్టలేదు. "వారం ట్రిప్పులు పోయినా సరే, కార్తీకం నాటికి ఈ వాసన ఉండకూడదు" అన్నాడు, అంతే. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి సాంబ్రాణి కొనుక్కొచ్చాను. మూకుడులో నిప్పులు వేసుకుని పలకల మధ్యకి దిగబోతుంటే సరంగు తాత నా రెక్క పట్టి ఇవతలికి లాగాడు.

యానాం వైపు మనిషి ఆయన. చిన్నప్పుడు కాకినాడ కాలవ మీద ధాన్యం పడవలు లాగి, తర్వాత లాంచీల మీదికి వచ్చాడు. మాట తక్కువ. ఆ రోజు మాత్రం అరిచాడు. "అడుక్కి గుడ్డపేలికలూ గోనెలూ ఉన్నాయిరా! ఉత్త డీజిలు పెట్రోల్లాగా చటుక్కున అంటుకోదు. గుడ్డ తాగిన డీజిలు దీపంలో వత్తిలా అంటుకుంటుంది. బోటు కాల్చేస్తావా?" మూకుడు తీసుకెళ్లి నీళ్లలో ముంచాడు. చుయ్‌మన్న చప్పుడు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

తర్వాత నెమ్మదించి అన్నాడు. "వాసన గాలిలో లేదు. కింద ఎక్కడో కూర్చుని ఉంది. కూర్చున్నదాన్ని తియ్యాలి."

ఆయన మొదట తెప్పించింది ఊక. బియ్యం మిల్లు నుంచి ఆరో ఏడో బస్తాలు. అడుగు పలకలన్నీ వరసగా ఊడదీసి, ఏది ఎక్కడిదో తెలియడానికి సుద్దతో అంకెలు వేసి, ఒడ్డుకి చేర్చాం. నీటి మీద ఊక మందంగా పరిచి రాత్రంతా వదిలేశాం. పొద్దునకి ఊక నల్లబడి, బరువెక్కి, ముద్దలు కట్టింది. చాటలతో ఎత్తి మళ్లీ బస్తాల్లో నింపాం. మళ్లీ కొత్త ఊక పరిచాం. మూడు విడతలు. పంపు జోలికి పోనివ్వలేదు ఆయన. ఆ తడి ఊక బస్తాల్ని ఇటుకబట్టీవాళ్లు సంతోషంగా పట్టుకెళ్లారు. బట్టీకి ఊక ఎలాగూ కావాలి, డీజిలు తాగిన ఊకైతే ఇంకా మంచిది కదా. దేవీపట్నంలో నేను నదిలోకి కొట్టిన నీళ్లకి కూడా ఈ దారి ఉండేది. ఒక్క రాత్రి ఆగి ఆయన్ని లేపి ఉంటే చాలు.

ఊక అయ్యాక వాసన సగానికి తగ్గింది. ఇక అయిపోయిందనుకున్నాను. తాత అడుగుకి దిగి, పడవ పక్కటెముకల్లాంటి అడ్డకొయ్యల మధ్య వేలు పెట్టి గీరాడు. గోరు నిండా నల్లటి మట్టి వచ్చింది. నా ముక్కు దగ్గర పెట్టాడు.

ఒండ్రు. ప్రతి వరదకీ గోదారి నీళ్లతో పాటు వచ్చి, అడ్డకొయ్యల మూలల్లో పేరుకున్న మెత్తటి ఒండ్రు. ఏ పొలంలో ఉంటే బంగారం పండేదో ఆ మట్టే. ఎన్నేళ్లదో, కొన్నిచోట్ల నాలుగు వేళ్ల మందం ఉంది. డీజిలంతా దాంట్లోకి ఇంకింది. పైన ఎన్ని కడుగుళ్లు కడిగినా అది కింద నుంచి వాసన వదులుతూనే ఉంటుంది. అన్నం గరిటె అరిగిపోయిందొకటి నా చేతికిచ్చి గోకమన్నాడు. బోర్లా పడుకుని, మొహం అడుగుకి ఆనించి, రెండు రోజులు గోకాను. మట్టి జున్నుముక్కలా తెగి వచ్చేది. తెగినచోట లోపల ముదురు గోధుమరంగు, అంచుల్లో నూనె మెరుపు. గంటకోసారి పైకి వచ్చి గాలి పీల్చుకోకపోతే తల తిరిగేది. డీజిలు ఆవిరి తల పట్టేస్తుందని, ఒక్కడివే దిగొద్దని తాత పైన కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఏం చెప్పాడో ఒక్కటీ గుర్తు లేదు. ఆ గొంతు పైనుంచి వినిపిస్తూ ఉండటం గుర్తుంది.

తర్వాత వేడినీళ్లు, చాకలి సోడా. కాగులతో కాచి, సోడా కరిగించి, కొయ్య మీద కొంచెం కొంచెం పోస్తూ కొబ్బరిపీచుతో రుద్దాం. జిడ్డు సోడాకి లొంగుతుంది. అయితే సోడా ఎక్కువైతే కొయ్య పాడవుతుందని, తొందరగా మంచినీళ్లతో కడిగించేవాడు. చివర కుంకుడు పులుసు. ఆ మురికి నీళ్లన్నీ బొక్కెనలతో తోడి, ఖాళీ అయిన ఆ డీజిలు పీపాలోనే పోశాం. నాలుగు రోజులు కదపకుండా ఉంచితే కొంత పైకి తేలింది. లారీ షెడ్డు కుర్రాళ్లు సామాన్లు కడుక్కోవడానికి దాన్ని తీసుకెళ్లారు. రబ్బరు ట్యూబులూ, స్పాంజి సీట్లూ మాత్రం ఏం చేసినా వాసన వదల్లేదు. అవి పారేయక తప్పలేదు. పలకల్ని ఎండకి నిలబెట్టాం. మధ్యాహ్నం ఎండ ముదిరితే పగుళ్లు తీస్తాయని పైన తాటాకులు కప్పేవాళ్లం.

వాసన రోజుకొకలా మారింది. మొదట ఘాటు పోయింది. తర్వాత కొవ్వొత్తి ఆర్పినప్పుడు వచ్చేలాంటి వాసన మిగిలింది. చివరికి మిట్టమధ్యాహ్నం ఎండలో తప్ప తెలిసేది కాదు. పొద్దున్న చల్లటి వేళ చూసి పోయిందని సంబరపడేవాణ్ణి. తాత ఒప్పుకునేవాడు కాదు. "మన ముక్కులు చచ్చిపోయాయిరా. వారం రోజులుగా దీంట్లోనే ఉన్నాం. కొత్త ముక్కు కావాలి" అనేవాడు. రేవులో టీ కొట్టు పెట్టుకున్నావిడ కూతురు, ఎనిమిదేళ్ల పిల్ల, దాన్ని పిలిచి బోటంతా తిప్పారు. లేదంది. మావయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

చిన్నమ్మ అప్పటికే వచ్చేసింది. ఏ రోజు వచ్చిందో తేదీ గుర్తు లేదు. రైలు దిగి రిక్షాలో ఇంటి ముందు దిగింది. చేతిలో ఒకే ఒక్క సంచి. ఆమె పేరు రేడియోలో ఎవరూ చదవలేదు. అమ్మ ఏడ్చింది. చిన్నమ్మ ఏడవలేదు. కాళ్లు కడుక్కుని, వంటింట్లోకి వెళ్లి, అందరికీ టీ పెట్టింది. వచ్చిన దారి గురించి ఎవరేమి అడిగినా "వచ్చేశాను కదా" అనేది.

పట్టిసం వీరభద్రస్వామికి మొక్కుకుందట. కార్తీకంలో మొదటి సోమవారం మా లాంచీ నిండా జనం. అరటిదొప్పలు, వత్తులు, తడి చీరలు. పసుపు వాసన, కర్పూరం వాసన. చిన్నమ్మ పలక మీద నుంచి లోపలికి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇంకా ఉందిరా" అంది.

ఎవరికీ రాని వాసన ఆమెకి వచ్చింది. ముందు వైపు గాలి తగిలేచోట కూర్చోబెట్టాను. పట్టిసం దాకా ఒక్క మాట కూడా మాట్లాడలేదు. దర్శనం అయ్యి, ఇసకలో నడిచి వస్తున్నప్పుడు చెప్పింది. కువైట్ నుంచి బాగ్దాద్ మీదుగా అమ్మాన్ దాకా బస్సుల్లో వచ్చారట. ఎడారిలో ఆయిలు దొరకదని డ్రైవరు క్యాన్లు లోపలే, సీట్ల మధ్యే పెట్టాడట. ఒక క్యాను కారింది. కిటికీ తీస్తే ఇసక, మూస్తే ఆ వాసన. పక్కసీట్లో చంటిపిల్ల తల్లి ఒకామె పిల్ల మొహాన్ని తన జాకెట్టులో దాచుకుని కూర్చుందట. ఇంత చెప్పి ఆగిపోయింది. ఆ పిల్ల ఏమైందని నేను అడగలేదు. తర్వాత ముప్పై ఏళ్లలో ఎన్నోసార్లు అడగాలనుకున్నాను. ఇప్పుడు అడగడానికి చిన్నమ్మ లేదు.

తిరిగొచ్చాక చీకట్లో ఆమే వచ్చి ఇంజను పక్కన కూర్చుంది. కళ్లు మూసుకుని అటూ ఇటూ తల తిప్పి, "ఇదిగో ఇక్కడ" అని చూపించింది. ఇంజను కూర్చున్న దిమ్మ వెనక, నా చెయ్యి మోచేతి దాకా పట్టని సందు అది. మర్నాడు ఇంజను బోల్టులు వదులు చేసి, కాస్త ఎత్తి చూస్తే, అదురు తగ్గడానికని ఎవరో ఎప్పుడో కుక్కిన గోనెపట్టా ఒకటి కనిపించింది. దాని కింద అరచేయంత ఒండ్రు. నేను రెండు రోజులు గోకిన మట్టి అంతా ఒక ఎత్తు, ఆ అరచేయంత మట్టి ఒక ఎత్తు. దాన్ని తీశాక చిన్నమ్మ మళ్లీ ఎక్కి చూసింది. ఈసారి కొంగు ముక్కు దాకా పోలేదు.

మావయ్య లాంచీ చాలా ఏళ్ల కిందటే అమ్మేశాడు. కొన్నవాళ్లు దాన్ని ఊడదీసి కలపగా అమ్ముకున్నారని విన్నాను. సరంగు తాత ఏ ఏడాది పోయాడో నాకు తెలియలేదు, అప్పటికి నేను ఉద్యోగంలో పడి ఊరికి దూరమయ్యాను. మొన్నామధ్య దేవీపట్నం వైపు వెళ్లాను. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక వరద నీళ్లు వెనక్కి తన్ని ఊళ్లు ముంచేశాయి. జనాన్ని ఖాళీ చేయించారు. ఆ రేవు ఇదేనా అని పడవవాణ్ణి అడిగితే, ఇంకాస్త అవతల, ఇంకాస్త లోతున అన్నాడు. ఆ బిందె ఆవిడ ఏ పునరావాస కాలనీలో ఉందో, అసలు ఉందో లేదో. క్షమించమని ఆ రోజే మెట్లెక్కి వెళ్లి చెప్పాల్సింది. పది అడుగుల దూరం.

బోటు మీద పనిచేసే కుర్రాళ్లు ఎవరైనా ఇది చదివితే ఒక్క మాట వినండి. డీజిలు ఒలికితే ముందు పెద్దవాళ్లని లేపండి. సబ్బు పొయ్యకండి, పంపు ముట్టుకోకండి. ఊక తెచ్చుకోండి.